బ్యాటరీ నయమయ్యేదాకా

మా అమ్మ ఊపిరికి మూడు వందల వాట్ల కరెంటు కావాలి. హాస్యానికి చెప్పడం లేదు, ఆక్సిజన్ మిషన్ వెనక అంటించిన కాగితం మీద అలాగే రాసి ఉంది. ఆస్పత్రి నుంచి ఆ మిషన్ మా ఇంటికి వచ్చిన రోజున అమ్మ ముక్కుకి గొట్టం తగిలించుకుని మంచం మీద కూర్చుని నావైపు చూస్తోంది. నేనేమో మోకాళ్ల మీద కూర్చుని మిషన్ వీపు చదువుతున్నాను. నా తీరే అంత. ఇక్కడ మలేషియాలో, క్లాంగ్ వెళ్లే దారిలో ఉన్న ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి మిషన్ల మరమ్మతు చేసి చేసి, మనిషి కన్నా ముందు మిషన్ కనబడే రోగం పట్టుకుంది నాకు.

కువాలా సెలంగోర్‌లో మా ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. అమ్మకి లోకంలో మిగిలిన తోడబుట్టింది ఒక్కతే, తెలుక్ ఇంటాన్‌లో ఉండే మా పెద్దమ్మ. పెద్దమ్మకి నడుం కింద చచ్చుబడి మంచానికే అతుక్కుపోయింది. అమ్మకి గొట్టం తీస్తే పెదాలు నల్లబడతాయి. ఆవిడ ఇటు రాలేదు, ఈవిడ అటు పోలేదు. మధ్యలో ఉన్నదల్లా రెండు గంటల దారి, ఆ దారికి అటూ ఇటూ పామాయిల్ తోటలు.

రోజూ ఫోనులో మాట్లాడుకునేవారు. మాట్లాడుకోవడం అంటే పోట్లాడుకోవడం. చిన్నప్పుడు ఎస్టేటులో రబ్బరు పాల బకెట్‌తో సహా కాలవలో పడింది ఎవరన్నది వాళ్ల తగువు. నువ్వంటే నువ్వని ఇద్దరూ యాభై ఏళ్లుగా తేల్చుకోలేదు. పిల్లలకి తమిళం, మలాయ్ తప్ప మరోటి నోట తిరగని ఈ కాలంలో ఆ ఇద్దరికీ తెలుగులో కడుపారా తిట్టుకోవడానికి ఒకరికొకరే మిగిలారు.

"ఫోన్లో తగువు ఏటి తగువే! ఎదురుగా కూకుని తిడితే కదా తిట్టినట్టు. ఒక్కసారి రా, సూసుకుందాం," అనేది పెద్దమ్మ.

"వస్తన్నాను ఉండు లా. నా కొడుకు లారీ కడతన్నాడు," అనేది అమ్మ, మలాయ్ వాళ్లలా మాట చివర లా తగిలించి.

లారీ అంటే నా పికప్. నాలుగు తలుపులు, వెనక సామాన్ల తొట్టి, నా చేతికి వచ్చేసరికే సగం ఆయుష్షు అయిపోయిన బండి. అమ్మకి నాలుగు చక్రాలకి మించి కాస్త ఎత్తుగా ఏది కనబడినా లారీయే. అందులో రెండో బ్యాటరీ ఒకటి పెట్టి, దాంతో ఆక్సిజన్ మిషన్ నడిపి, అమ్మని తెలుక్ ఇంటాన్ తీసుకెళ్తానని నేనే మాటిచ్చాను. ఎవరూ అడగలేదు. నాకు నేనే ఎగిరి చెప్పాను.

పని కష్టమైనదేమీ కాదు. బానెట్ కింద ఉన్న బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికి. దాన్ని ముట్టుకోకూడదు. వెనక సీటు పక్కన పెట్టెలో మరో పెద్ద బ్యాటరీ. రెండింటి మధ్య ఒక చిన్న డబ్బా. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆ డబ్బా రెండో బ్యాటరీని కూడా నింపుతుంది, ఇంజన్ ఆగగానే రెండింటినీ విడదీస్తుంది. అంటే వెనక బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినా బండి స్టార్ట్ కాకుండా మొరాయించదు. వెనక బ్యాటరీ నుంచి ఇన్వర్టర్, ఇన్వర్టర్‌కి ఒక స్విచ్చు, ఇంట్లో గోడకి ఉన్నట్టే ఒక ప్లగ్గు. మిషన్ అందులో గుచ్చితే సరి. బండి నడుస్తున్నంతసేపూ మిషన్ తినేదాన్ని ఇంజన్ ఇంచుమించుగా ఇస్తూనే ఉంటుంది. దారిలో ఎక్కడైనా ఆగిపోతేనే ఆ బ్యాటరీ మీద బరువు పడేది. దానికీ తోడుగా ఆస్పత్రి వాళ్లిచ్చిన చిన్న సిలిండర్ ఒకటి ఇంట్లో ఉంది. ఇదంతా ముందే చెప్తున్నాను ఎందుకంటే ఈ లెక్క నాకు మొదటి రోజునుంచీ తెలుసు.

అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి స్విచ్చు చూపించాను. ఇది నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది, అప్పుడు ఇక్కడ ప్లగ్గు పెట్టాలి, పని అయ్యాక మళ్లీ నొక్కాలి. నాకేదైనా అయినా తను ఒక్కతే చేసుకోగలగాలని రెండుమూడుసార్లు చేయించాను. ఇంత తేలికా అని అమ్మ మురిసిపోయింది.

బ్యాటరీ అమ్మిన దుకాణం చైనా టౌకేది, అంటే షావుకారుది. అతను మీటరు పెట్టి చూసి, బొటనవేలెత్తి, "బోలే జలాన్ లా, అణ్ణే!" అన్నాడు. ఇంక బయల్దేరచ్చు అని. నేను నవ్వాను. వెళ్లమనడానికి అతనిదేం పోయింది? ఫ్యాక్టరీలో ఒక మోటారు మార్చినా ఒక వారం నడిపి చూడందే నేను సంతకం పెట్టను. అమ్మకి తక్కువ చేస్తానా?

అలా చూడడం మొదలుపెట్టాను. డాష్‌బోర్డు మీద చిన్న ఓల్టు మీటరు బిగించాను. మధ్యాహ్నం షిఫ్టు ముగించి రాత్రి బైకు మీద వచ్చి పడుకునేవాణ్ణి, పొద్దున్నే లేచి పళ్లు తోముకోకముందే వెళ్లి మీటరు చూసేవాణ్ణి. నిండుగా ఉంటే పన్నెండు పాయింటు ఎనిమిది, మా లెక్కలో పన్నెండూ ఎనిమిది, చూపించాలి. పన్నెండూ ఐదు చూపించింది. సరే, కొత్తది కదా, సర్దుకుంటుందనుకుని ఇంజన్ కాసేపు నడిపి నింపాను. మర్నాడు మళ్లీ అంతే. ఆ తర్వాత రోజు ఇంకొంచెం తక్కువ. రోజూ చూడడం, రోజూ నింపడం. రాత్రంతా కదలకుండా నిలబడిన బండిలోంచి కరెంటు ఎటు పోతోంది? పొద్దున వైరుకి మీటరు తగిలించి చూస్తే ఎక్కడా చుక్క కారడం లేదు. స్విచ్చు కట్టేసే ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి, అంకె మాత్రం తక్కువ.

ఇలాంటిదొకటి తగిలితే నేను మనిషిని కాను. వైర్లన్నీ పీకి లావువి వేశాను. ఫ్యూజులు మార్చాను. మధ్యలో డబ్బా మార్చాను. టౌకే దుకాణానికి వెళ్లి నలుగురి ముందూ పాత సరుకు అంటగట్టావని అరిచాను. అతను మారు మాట్లాడకుండా బ్యాటరీ మార్చి ఇచ్చాడు. ఆ మార్చిన దానికీ అదే జబ్బు. విచిత్రమేమిటంటే సోమవారం పొద్దున మాత్రం అంకె నిండుగా ఉండేది. నేను ఇంట్లో ఉండి ప్రయాణం చేయగలిగే ఆదివారం పొద్దున తగ్గుతుంది, డ్యూటీకి పోవాల్సిన సోమవారం పెరుగుతుంది. ఇది నాతో ఆడుకుంటోందని పళ్లు కొరికానే గానీ, ఎందుకిలా అని నిదానంగా ఆలోచించలేదు.

"బేటరీకి సంబంధం సూస్తన్నావేటిరా, ఇన్ని ఒంకలు పెడతన్నావు?" అని అమ్మ ఎగతాళి చేసేది.

"నీ ఊపిరి దాని మీద ఉందమ్మా. ఆటలా?" అనేవాణ్ణి. ఆ మాటతో అమ్మ నోరు మూతపడేది. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

ఫోనులో పెద్దమ్మ గొంతు సన్నబడుతూ వచ్చింది. కాలవ తగువు తగ్గిపోయింది. "లారీ అయినాదా?" అని మాత్రం అడిగేది. "అవుతాది, బేటరీకి బాగులేదు, వాడు సూస్తన్నాడు," అని అమ్మ చెప్పేది. ఎవరికో జ్వరమొచ్చినట్టు చెప్పేది. నేను పక్క గదిలో చొక్కా తొడుక్కుంటూ వినేవాణ్ణి.

ఒక ఆదివారం అమ్మ నన్నడక్కుండానే తయారైపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకుని, సంచీ సర్దుకుని, అక్కకని రవ్వలడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకుని, గొట్టంతో సహా వరండాలో కుర్చీలో కూర్చుంది. నేను బండి తలుపు తీసి మీటరు చూశాను. పన్నెండూ నాలుగు. అంటే ఏమీ మునిగిపోలేదు. తాళం తిప్పితే దారిలో అదే నిండేది. సిలిండర్ కూడా ఉంది. ఆ క్షణాన ఇదంతా నా బుర్రలో ఉంది. అయినా తలుపు వేసేసి, "ఇవ్వాళ వద్దమ్మా. మంచి మీటరొకటి ఆర్డరు పెట్టినాను. అది వస్తే ఎక్కడ తింటందో తేలిపోతాది. వచ్చే ఆదివారం ఎల్దాం," అన్నాను.

నిజం చెప్పాలంటే భయమేసింది. అమ్మ పోతుందని కాదు, అది డాక్టరు ఎప్పుడో చెప్పాడు, మేమిద్దరం విన్నాం. నేను బిగించిన వైరు వల్ల, నా బండిలో, నా వీపు వెనకాల పోతుందేమోనని. అమ్మ పోవడం కన్నా నా వల్ల పోవడమే నాకు పెద్దదైపోయింది. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుని తిరిగాను.

అమ్మ లడ్డూల డబ్బా మూత మళ్లీ నొక్కి పెట్టింది. "మరేటి, ఆదివారం మళ్లీ వస్తాది," అని లేచి లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. ఆ లడ్డూలు వారమంతా నేనే తిన్నాను.

ఆ ఆదివారానికీ వచ్చే ఆదివారానికీ మధ్యలో, నేను డ్యూటీలో ఉండగా, తెలుక్ ఇంటాన్ నుంచి ఫోనొచ్చింది. పెద్దమ్మ కూతురు. నాకు అక్క అవుతుంది. "తమ్ముడూ, అమ్మ పోయినాది. పిన్నికి ఫోన్లో సెప్పడానికి నాకు దడుపుగా ఉంది. నువ్వు పక్కనుండి సెప్పు. రేపు మజ్జానం తీసికెల్తారు," అంది. సూపర్‌వైజరుకి చెప్పి బైకు తీశాను. దారి పొడుగునా అమ్మకి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ కుదరలేదు.

ఇల్లు చేరేసరికి సందె వెలుగు ఇంకా ఉంది. గేటు తీశాను. వరండాలోంచి ఆక్సిజన్ గొట్టం పాములా సాగి బండి దాకా వచ్చి ఉంది. బండి వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. పరిగెత్తాను. అమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని చేతులు జోడించుకుంది. కాళ్ల దగ్గర సింహాద్రి అప్పన్న ఫొటో నిలబెట్టి ఉంది. దాని ముందు పూజ గదిలోని కరెంటు దీపం, ఎర్ర బల్బుది, ఇన్వర్టర్ ప్లగ్గులో గుచ్చి ఉంది. స్విచ్చు మీద పచ్చ లైటు వెలుగుతోంది.

నన్ను చూసి అమ్మ తత్తరపడింది. తప్పు చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది.

"నీకు సెప్తే తిడతావని సెప్పలేదురా. రోజూ సందేళ పెడతన్నాను. రాత్రి నువ్వొచ్చేతలికి సీటు కిందకి జరిపి తలుపేసేస్తన్నాను, తెల్లారి నువ్వు లేచేలోపు తీసేస్తన్నాను. ఆదివారం నువ్వింట్లో ఉంటావు కదా, ఆ వొక్క రోజూ పెట్టను."

"ఎందుకమ్మా?"

"మొదట పయానం బాగా జరగాలని పెట్టినాను, తరవాత మరి బేటరీకి నయం కావాల కదా? లారీలోనే పెట్టి మొక్కితే సామికి తొందరగా తెలుస్తాదని."

మీటరు ఎక్కడ తగిలించి చూడాలో, ఏ గంటకి చూడాలో, సోమవారం అంకె ఎందుకు నిండుగా ఉండేదో, అన్నీ ఒక్కసారే అర్థమైపోయాయి. చిన్న బల్బు, దాన్ని మించి తినే ఇన్వర్టర్, సందేళ నుంచి తెల్లారేదాకా. అమ్మ నేర్పినట్టే స్విచ్చు నొక్కింది, నేర్పినట్టే కట్టేసింది. బ్యాటరీ బాగుపడాలని ఆ బ్యాటరీనే రోజూ కాస్తకాస్త దీపానికి తాగించేసింది. లక్ష మరమ్మతులు చేసిన నాకు ఇంట్లోనే ఉన్న మనిషిని అడగాలని తోచలేదు. బండి చుట్టూ తిరిగానే గానీ, నేను లేనప్పుడు సాయంత్రాలు ఏం చేస్తున్నావమ్మా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

"నువ్వేటి ఇంత పెందలాడే వచ్చినావు?" అని అడిగింది అమ్మ.

నేను సీటు అంచున కూర్చుని చెప్పాను. కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "పెద్దమ్మ పోయినాదమ్మా" అన్నాను, అంతే. అమ్మ పెద్దగా ఏడవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి. నోరు తెరిచి కొంతసేపు గాలి పీల్చుకుంది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత వంగి ప్లగ్గు తనే పీకేసింది. "మైలొచ్చేసినాది. దీపం ఎలగకూడదు. ఫొటో నువ్వు ముట్టుకోకు," అని స్విచ్చు కూడా నొక్కేసింది.

మైల వల్ల ఆ రాత్రి బండిలో దీపం లేదు. పొద్దున ప్రయాణానికి తలుపు తీస్తే మీటరు పన్నెండూ ఎనిమిది చూపించింది. అమ్మని ఎక్కించి మిషన్ గుచ్చుతుంటే, మీటరు వైపు చూసి, "నయమైనాదా?" అని అడిగింది.

"అయినాదమ్మా."

"అక్క పోయినాక నయమైనాది సూడు. సామి ఆలీసంగా ఇన్నాడు."

నేను ముందుకి వెళ్లి స్టీరింగ్ పట్టుకున్నాను. దేవుడి మీద పడుతున్న నిందని నా మీదికి తిప్పుకోవాలంటే దీపం సంగతి చెప్పాలి. చెప్తే అది నా మీదికి రాదు, అమ్మ మీదికే పోతుంది. కాబట్టి దేవుడి మీదే ఉండనిచ్చాను. నాలాంటి వాడికి దేవుడు పనికొచ్చేది అక్కడే.

తెలుక్ ఇంటాన్‌లో అక్కావాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. మిషన్ దింపి, ఇంట్లో ప్లగ్గుకి పెట్టి, అమ్మని పెద్దమ్మ తల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మ పెద్దమ్మ చెంప మీద చెయ్యి వేసి తీసెయ్యకుండా ఉండిపోయింది. అక్క నా దగ్గరికొచ్చి, కోపం లేకుండానే అంది: "రోజూ తలుపు కాసి సూసేదిరా. ఏ బండి సప్పుడైనా, లారీయేటి సూడు, అనేది. బేటరీ బాగైనాదేటి కనుక్కోమనేది."

అమ్మ అక్కడినుంచే విని, "వాణ్ణేటీ అనకే. నా ఊపిరి కోసం సూసినాడు. వాడికున్న జాగర్త ఎవరికుంటాది?" అంది. వచ్చినవాళ్లంతా నావైపు మెచ్చుకోలుగా చూశారు. టౌకేని నలుగురిలో తిట్టినప్పుడు నాకు సిగ్గనిపించలేదు. నలుగురిలో ఈ మెప్పు పడినప్పుడు మాత్రం షామియానా కింద నిలబడలేక బయటికి వెళ్లి, ఏ పనీ లేకపోయినా బండి బానెట్ ఎత్తి చూస్తూ నిలబడ్డాను.

కార్యక్రమం అయ్యాక స్నానాలు చేసి బయల్దేరాం. ఎండ ఇంకా తగ్గలేదు. అమ్మ వెనక సీట్లో కిటికీకి తల ఆనించి తోటలు చూస్తోంది. మిషన్ బుస్సుమంటూ తన పని తను చేసుకుంటోంది. పెట్రోలు బంకు దగ్గర ఇంజన్ ఆపాను. ఆగినా మిషన్ ఆగలేదు. మళ్లీ బయల్దేరాక అమ్మ ముందుకి వంగి మీటరు చూసింది.

"ఇప్పుడా అంకె మంచిదేనా?"

"మంచిదేనమ్మా."

"మొన్న ఆదివారం ఉన్నదాని కన్నా ఎక్కువేటి?"

"కొంచెం ఎక్కువ."

"అప్పుడున్న దాంతో రాలేమేటి?"

దీపం మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే సగం నేరం దిగిపోయేది నాకు. అంకె తగ్గింది దాని వల్లే, అందులో అబద్ధం లేదు. కానీ అమ్మ అడిగింది అంకె ఎందుకు తగ్గిందని కాదు. రాగలిగేవాళ్లమా అని. దానికీ దీపానికీ సంబంధం లేదు.

"రాగలమమ్మా," అన్నాను. "బండి నడుస్తంటే అదే నింపుకుంటాది. అప్పుడూ రాగలం. ఆ ముందు ఆదివారమూ రాగలం."

అద్దంలో చూశాను. అమ్మ నావైపు చూడడం లేదు.

"మరి అన్నాళ్లూ ఏటి సూసినావురా?"

"భయమేసిందమ్మా. దారిలో నీకేటైనా అయితే..."

అమ్మ ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకుంది. మాట కోసం ఊపిరి కూడదీసుకుంది.

"అయితే పోయేది నానే కదా. అక్క దగ్గిరికెల్తా పోదును."

ఇల్లు చేరేదాకా మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.